సొంతంగా కట్టుకునే కారుకి ఏ బెల్టు? ముందు భుజం వెనక ట్యూబు ఎత్తు చూడండి

మీ ప్రశ్న మిగతావాళ్లకీ అర్థం కావాలని ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు ఇంగ్లాండులోని కోవెంట్రీలో ఇంటి గరాజ్‌లో లోటస్ సెవెన్ తరహా కారు, అంటే పైకప్పు లేని తేలికపాటి రెండు సీట్ల కారు కడుతున్నారు. ఇంజనూ గేర్‌బాక్సూ పాత మజ్దా ఎంఎక్స్-5 నుంచి తీసుకున్నారు. చాసీ 25 మి.మీ. చదరపు ట్యూబు, గోడ మందం 1.6 మి.మీ. మీ ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, మీ ఆవిడ ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, ఇద్దరూ నడుపుతారు. రోడ్డు మీద తిప్పాలి, ఐవీఏ పరీక్ష (ఇలా కట్టిన కారుని రోడ్డెక్కనిచ్చే ముందు బ్రిటన్‌లో చేసే ప్రభుత్వ తనిఖీ) పాస్ కావాలి, ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ డేలకీ, అంటే సొంత కారుని రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజులకీ వెళ్లాలి. మీ స్నేహితుడు "రేసు కార్లలో వాడేదే కదా గట్టిది, నాలుగు పట్టీల హార్నెస్ పెట్టెయ్" అన్నాడు. మీకేమో ఎంఎక్స్-5లో వచ్చిన మామూలు మూడు పాయింట్ల బెల్టే చాలేమో అని అనుమానం.

మీ అనుమానమే సరైనది. ఇప్పుడు మీ దగ్గరున్న చాసీతో, రోడ్డు వాడకానికి, ఈ-మార్క్ (రోడ్డు వాడకానికి ఆమోదం పొందిందని తెలిపే ముద్ర) ఉన్న మూడు పాయింట్ల రీల్ బెల్టే పెట్టండి. నాలుగు పట్టీల హార్నెస్ వద్దు. ట్రాక్ మీద మనసు గట్టిగా ఉంటే దాని బదులు ఆరు పాయింట్లది పెట్టుకోవచ్చు, కానీ దానికి ముందు రోల్ బార్ (కారు పల్టీ కొడితే తలని కాపాడే ఉక్కు ట్యూబు), సీటు, భుజం వెనక అడ్డ ట్యూబు మూడూ సరిగ్గా ఉండాలి. నేను వృత్తిరీత్యా కారు బాడీ నిర్మాణం వైపు పనిచేస్తాను, ఇక్కడ మిడ్‌లాండ్స్‌లో మిత్రులు కట్టిన ఇలాంటి కార్లు చాలా దగ్గరగా చూశాను. ఏ బెల్టు కొనాలని నెలల తరబడి ఆలోచించేవాళ్లు దాన్ని దేనికి బిగించాలో మాత్రం ఒక్క సాయంత్రంలో తేల్చేస్తారు. అసలు ఎక్కువ ఆలోచించాల్సింది బిగించే చోటు గురించే.

ముందు బలం సంగతి. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు 13.9 మీటర్లు. కారు ముందుభాగం నలగడం, బెల్టు సాగడం అన్నీ కలిపి మీ శరీరం అర మీటరు దూరంలో ఆగిందనుకుందాం. వేగం వర్గాన్ని రెండింతల దూరంతో భాగిస్తే దాదాపు 193 వస్తుంది, అంటే భూమ్యాకర్షణకు సుమారు 20 రెట్లు. 80 కిలోల మనిషి మీద అది టన్నున్నరకు పైగా బరువుతో సమానం. సెవెన్ తరహా కారుకి ముందు నలిగే భాగం తక్కువ. ఆగే దూరం పావు మీటరే అయితే ఆ బలం రెట్టింపవుతుంది. బెల్టు బిగింపుల గురించి చెప్పే ఐక్యరాజ్యసమితి నిబంధన నంబర్ 14 మామూలు కార్ల మూడు పాయింట్ల బిగింపుల్ని ఛాతీ పట్టీ మీద 1350 డెకాన్యూటన్లు, నడుము పట్టీ మీద మరో 1350 ఒకేసారి వేసి లాగి చూడమంటుంది. చెరొకటీ సుమారు 1.37 టన్నులు. ఐవీఏలో మీ కారుని ఇలా లాగి చూడరు. పరీక్షించే అధికారి కంటితో చూస్తాడు, కొలుస్తాడు, మార్కులు చదువుతాడు. కాబట్టి ఐవీఏ పాస్ అయిందంటే బలం పరీక్ష కూడా పాస్ అయినట్టే అనుకోకండి. ఆ పూచీ కట్టిన మనిషిదే.

ఇప్పుడు నాలుగు పట్టీల హార్నెస్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. అందులో రెండు పట్టీలు భుజాల మీద నుంచి, రెండు నడుము పక్కల నుంచి వచ్చి పొట్ట ముందు ఒకే బకిల్‌లో కలుస్తాయి. గుద్దుకున్నప్పుడు భుజం పట్టీలు బిగుసుకుని ఆ బకిల్‌ని పైకి లాగుతాయి. దాంతో తుంటి ఎముక మీద ఉండాల్సిన నడుము పట్టీ మెత్తటి పొట్ట మీదకి ఎక్కుతుంది, మనిషి దాని కింద నుంచి ముందుకి జారిపోతాడు. సబ్‌మెరైనింగ్ అనేది ఇదే. పొట్టలో కాలేయం, ప్లీహం, పేగులు, వెనక వెన్నెముక, అన్నీ దెబ్బతినే పరిస్థితి. బకిల్‌ని కిందకి పట్టి ఉంచడానికి తొడల మధ్య నుంచి ఒక పట్టీ ఉంటే ఐదు పాయింట్లు, రెండుంటే ఆరు పాయింట్లు అవుతాయి. ఆ పట్టీలు అందుకే ఉన్నాయి. ష్రోత్ లాంటి కొన్ని కంపెనీలు నాలుగు పట్టీలతోనే ఇంకో ఉపాయం చేశాయి. ఒక భుజం పట్టీలో కొంత భాగం మడిచి కుట్టి ఉంచుతారు. బలం పడ్డప్పుడు ఆ కుట్టు విడిపోయి ఒక భుజం కాస్త ముందుకి వెళ్తుంది, ఒళ్లు కొద్దిగా తిరుగుతుంది, తుంటి ఎముక పట్టీ కిందే ఉండిపోతుంది. ఆ రకం రోడ్డు కార్ల కోసమే చేసినది, అది వేరు. మీరు ఆన్‌లైన్‌లో చూసిన చవక నాలుగు పట్టీలది అలాంటిది కాదు.

రెండో కారణం మీ చాసీ ప్లాన్‌లోనే ఉంది. సీటు వెనక అడ్డంగా ఉన్న ట్యూబు మీ భుజం కన్నా 150 మి.మీ. కింద, భుజానికి 200 మి.మీ. వెనక ఉందని రాశారు. అంటే పట్టీ భుజం మీద నుంచి దాదాపు 37 డిగ్రీలు కిందకి వంగి వెళ్తుంది. ఛాతీని వెనక్కి పట్టి ఉంచడానికి 6 కిలోన్యూటన్ల బలం కావాలనుకోండి. పట్టీలు 10 డిగ్రీలే వంగితే భుజాల్ని కిందకి నొక్కే బలం సుమారు 1.06 కిలోన్యూటన్లు, అంటే ఓ 108 కిలోలు. అదే 37 డిగ్రీలైతే 4.5 కిలోన్యూటన్లు, 460 కిలోలు. 45 డిగ్రీలైతే పూర్తి 6, అంటే 610 కిలోలు. ఆ నొక్కుడంతా నిటారుగా వెన్నెముక మీదే పడుతుంది. మోటార్ స్పోర్ట్ సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధనలు భుజం పట్టీల వంపు ఎట్టి పరిస్థితిలోనూ 45 డిగ్రీలు దాటకూడదనీ, 10 డిగ్రీలు దాటకపోతే మంచిదనీ అంటాయి. చాలామంది ఆ 45 అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుని "లోపలే ఉన్నాం కదా" అంటారు. మీరు 10 వైపు ఉండండి. పట్టీల్ని సీటు వెనక నేలకి దించి కట్టడం అనే అలవాటైతే పూర్తిగా మానేయాల్సిందే.

మూడోది, కారు పల్టీ కొడితే ఏమవుతుందన్నది. మూడు పాయింట్ల బెల్టులో మనిషి పక్కకీ ముందుకీ కొంత వంగగలడు. హార్నెస్‌లో నిటారుగా, కదలకుండా ఉంటాడు. పైకప్పు లేని కారులో తలకన్నా ఎత్తుగా గట్టి రోల్ బార్ లేకుండా హార్నెస్ కట్టుకుంటే నేలకి మొదట తగిలేది తలే. అందుకే బెల్టు, సీటు, రోల్ బార్ మూడింటినీ ఒకే వస్తువుగా చూడాలి. ఒకటి మారిస్తే మిగతా రెండూ మళ్లీ కొలవాలి.

మూడు పాయింట్ల బెల్టుకి కూడా ఆ 150 మి.మీ. కింద ఉన్న ట్యూబు పనికిరాదు. పై బిగింపు భుజం ఎత్తులో గానీ కాస్త పైన గానీ ఉండాలి. ఐవీఏ మాన్యువల్లో దీనికి కొలత పద్ధతి బొమ్మతో సహా ఉంటుంది. మీ తేదీకి అమల్లో ఉన్న ప్రతి దించుకుని, సీటులో బరువు పెట్టి, ఆ బొమ్మ ప్రకారమే కొలవండి. మీ కారుకి సులువైన దారి ఇది: రీల్‌ని కింద వెనక గోడ ట్యూబుకి బిగించి, పట్టీని రోల్ బార్ మీద భుజం ఎత్తులో వెల్డ్ చేసిన బ్రాకెట్‌కి వేలాడే లూప్ గుండా ముందుకి తీసుకురండి. రోల్ బార్‌కి వెనక్కి వెళ్లే ఊత ట్యూబులు ఉండాలి. లేకపోతే నిలువు బార్ ఒంటరిగా ఆ టన్నుకి పైగా బలాన్ని మోయలేక ముందుకి వంగుతుంది, అది వంగినంత మేరా మీరు స్టీరింగ్ వైపు వెళ్తారు.

ఎత్తు కొలవడం గురించి కొంచెం ఓపిగ్గా చెప్తాను, మీ ఇంట్లో ఇద్దరి ఎత్తులూ బాగా వేరు కాబట్టి. సీటుని చివరికి ఎక్కడ బిగిస్తారో అక్కడే పెట్టండి. స్పాంజి, కవరు అన్నీ ఉండాలి, ఖాళీ ఫైబర్ గిన్నెలో కూర్చుని కొలవకూడదు. మందపాటి జాకెట్ వేసుకుని, కాళ్లు పెడల్స్ మీద పెట్టి, వీపు ఆనించి పది నిమిషాలు కూర్చోండి. ఈలోగా స్పాంజి దిగుతుంది, మీరూ సర్దుకుంటారు. అప్పుడు భుజం మీద, మెడకీ భుజం చివరకీ మధ్యలో పట్టీ ఎక్కడ పడుతుందో అక్కడ టేపు అంటించి, అక్కడి నుంచి వెనక్కి ఒక అల్యూమినియం పట్టీ ఆనించి దాని మీద డిజిటల్ యాంగిల్ గేజ్ పెట్టండి. తర్వాత మీ ఆవిడతో అదే చేయించండి. మీ ఇద్దరి ఎత్తులకీ కూర్చున్నప్పుడు భుజాల మధ్య తేడా సుమారు 7, 8 సెంటీమీటర్లు రావచ్చు.

దీన్ని 75 మి.మీ. అనుకుని, రోల్ బార్ మీద అడ్డ ట్యూబు భుజానికి 300 మి.మీ. వెనక ఉంటుందనుకుని లెక్క వేద్దాం. ట్యూబు సరిగ్గా మీ భుజం ఎత్తులో పెడితే ఆవిడకి పట్టీ 14 డిగ్రీలు పైకి వెళ్తుంది, అంటే భుజాన్ని వదిలి పైకి లేస్తుంది. ఆవిడ ఎత్తుకి పెడితే మీకు 14 డిగ్రీలు కిందకి వంగుతుంది. మీ భుజానికి 53 మి.మీ. కింద పెడితే మీకు 10 డిగ్రీలు కిందకి, ఆవిడకి 4 డిగ్రీలు పైకి వస్తుంది. ఇద్దరికీ సరిపోయే చోటు అదే. దాని బదులు ఆవిడ నడిపేటప్పుడు మెత్త వేసుకుంటుంది లెండి అనుకోకండి. వదులుగా పెట్టిన మెత్త గుద్దుకున్నప్పుడు అణిగిపోతుంది, బెల్టులో అంత మేర వదులు వస్తుంది, జారిపోవడానికి దారి కూడా ఇస్తుంది. ఎత్తు కావాలంటే సీటు బేస్‌లోనే గట్టి ఫోమ్ పోయించండి.

సీటు వీపులో హార్నెస్ కోసం రంధ్రాలుంటే అవి భుజం ఎత్తులో లేదా కొద్దిగా పైన ఉండాలి. భుజం కన్నా కింద ఉంటే పట్టీ సీటు అంచు మీద వంగుతుంది. అడ్డ ట్యూబుని మీరు ఎంత శ్రద్ధగా పెట్టినా వంపు అప్పుడు సీటే నిర్ణయిస్తుంది. 5 అడుగుల 11 అంగుళాలవాళ్లకి చిన్న బకెట్ సీట్లలో ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. కొనేముందు కూర్చుని చూడాల్సింది అందుకే.

నడుము పట్టీ దగ్గర గుర్తుంచుకోవాల్సింది తుంటి ఎముక ఒక్కటే. చేత్తో తడిమితే పొట్ట కింద రెండు వైపులా ముందుకి పొడుచుకు వచ్చిన ఎముక మూలలు తగులుతాయి, పట్టీ వాటికి కింద, తొడ మడత పైన కూర్చోవాలి. నిబంధన 14 ముందు సీట్లకి కింది బిగింపు నుంచి పట్టీ వెళ్లే కోణం బకిల్ వైపు 45 నుంచి 80 డిగ్రీల మధ్య, రెండో వైపు 30 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండమంటుంది. నిటారుగా కూర్చునే మనిషికి 45 నుంచి 65 దాకా ఉంటే నేను సంతోషిస్తాను. కోణం మరీ పడుకుని ఉంటే, అంటే బిగింపు సీటుకి బాగా వెనక ఉంటే, పట్టీ పొట్ట మీదకి పాకుతుంది. రెండు కింది బిగింపుల మధ్య అడ్డదూరం కనీసం 350 మి.మీ. ఉండాలి. సెవెన్‌లో ట్రాన్స్‌మిషన్ టన్నెల్ వెడల్పు తినేస్తుంది కాబట్టి ఇది ముందే కొలిచి పెట్టుకోండి.

ఎంఎక్స్-5 నుంచి బెల్టు తీసేవాళ్లు ఇక్కడ ఒక విషయం పట్టించుకోరు. ఆ కారులో బకిల్ సీటుకే బిగించి ఉంటుంది, నేలకి కాదు. అంటే గుద్దుకున్నప్పుడు ఆ బలంలో పెద్ద వాటా సీటు పట్టాల గుండా నేలలోకి దిగుతుంది. ఆ సీటూ ఆ పట్టాలూ దానికి తగ్గట్టు చేసినవి. మీరు వేరే బకెట్ సీటు పెట్టి, 1.2 మి.మీ. అల్యూమినియం నేల మీద నాలుగు బోల్టులతో బిగించి, పాత బకిల్‌ని దానికే తగిలిస్తే సీటుతో సహా ముందుకి ఊడి వస్తారు. వేరే సీటు వాడుతున్నారంటే బకిల్ కొమ్మని నేరుగా చాసీ ట్యూబుకి, వెల్డ్ చేసిన బాస్‌లోకి (లోపల మరలు కోసిన ఉక్కు దిమ్మలోకి) బిగించండి. సీటు ముందుకీ వెనక్కీ జరిగేదైతే, ఆ చివరా ఈ చివరా పెట్టి రెండు చోట్లా కోణం కొలవండి.

ఇక బిగింపు పని. బెల్టు బోల్టు దాదాపు అన్ని చోట్లా 7/16 అంగుళం యూఎన్ఎఫ్, అంగుళానికి 20 మరలు. ఇది 11.1 మి.మీ., ఎం12 కాదు. మొదటి ఒకటి రెండు మరలు పట్టినట్టే అనిపించి తర్వాత బిగుసుకుంటే అక్కడే ఆపి గేజ్‌తో చూడండి, పెద్ద పానా తెచ్చి తిప్పకండి. బోల్టు బెల్టుతో వచ్చినదే వాడండి. దాని మీద మెడ లాంటి మందపాటి భాగం, అలల వాషరు ఉంటాయి. అవి ఉండేది బ్రాకెట్ బిగిసిపోకుండా, పట్టీ లాగే వైపుకి తిరగడానికి. గట్టిగా ఉండాలని మామూలు బోల్టుతో అదిమి బిగించేస్తే బ్రాకెట్ ఒక వైపుకే ఉండిపోతుంది. అప్పుడు పట్టీ అడ్డంగా లాగుతుంది, 50 మి.మీ. వెడల్పులో బరువంతా ఒక అంచు మీద పడుతుంది. నేసిన పట్టీ చిరగడం అంచు నుంచే మొదలవుతుంది. బిగించాక బ్రాకెట్‌ని వేళ్లతో తిప్పి చూడండి. కొంచెం గట్టిగానైనా తిరగాలి.

ఈ వరసలో 2001 ఫిబ్రవరి 18న అమెరికాలో నాస్‌కార్ సంస్థ నడిపే డేటోనా రేసులో పేరున్న డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయిన సంగతి చెప్పుకోవాలి. ఆయన ఎడమ నడుము పట్టీ రెండుగా తెగి కనిపించింది. పట్టీ అడ్జస్టర్‌లో ఒక పక్కకి గుంజుకుపోయి, అలా ముడుచుకున్న చోట తెగడం గురించి నాస్‌కార్ నివేదిక వివరంగా చెప్పింది. అలాంటి డ్రైవర్ కారులోనే పట్టీ వాలు అంత ముఖ్యమైందంటే మన గరాజ్ కార్లలో దాన్ని రెండుసార్లు చూడటం ఎక్కువేమీ కాదు.

25 మి.మీ. ట్యూబుకి ఒక వైపు గోడలో రంధ్రం వేసి, నట్టు వెల్డ్ చేస్తే సరిపోదు. 1.6 మి.మీ. గోడ కాగితంలా చినిగి నట్టు బయటికి వస్తుంది. రెండు గోడల గుండా వెళ్లే మరలు కోసిన బాస్ కొనండి, కిట్ కార్ల సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. దాన్ని రెండు వైపులా చుట్టూ వెల్డ్ చేయండి. వెల్డ్ చేసేటప్పుడు పాత బోల్టు ఒకటి లోపల తిప్పి ఉంచితే వేడికి మరలు వంకర పోవు. చల్లారాక ట్యాప్ ఒకసారి దించి తీయండి. ఆ బోల్టు పారేయండి, బెల్టుకి వాడకండి. జింకు పూత ఉన్న బాస్ అయితే వెల్డ్ చేసేముందు పూత తోమేసి, తలుపు తెరిచి పెట్టుకోండి, ఆ పొగ పీల్చకూడదు. బాస్ ఉన్న ట్యూబు కూడా దగ్గర్లోనే ఒక కూడలికి చేరాలి. రెండు కూడళ్ల మధ్య సరిగ్గా నడిమధ్యలో బాస్ పెడితే ట్యూబు విల్లులా వంగుతుంది. తప్పనిసరైతే అక్కడికి ఒక ఏటవాలు ట్యూబు కలపండి.

ట్యూబు లేని చోట, రేకు మీద బిగించాల్సి వస్తే ఎఫ్ఐఏ చెప్పే కొలత పట్టుకోండి: ఉక్కు ప్లేటు కనీసం 40 చదరపు సెంటీమీటర్లు, 3 మి.మీ. మందం. మూలలు గుండ్రంగా అరగదీయండి, లేకపోతే ఆ మూలే రేకుని కోస్తుంది. ప్లేటు ఎప్పుడూ లాగే వైపుకి అవతల ఉండాలి, బోల్టు దాన్ని రేకులోంచి ఊడదీయాల్సి వచ్చేలా. ఫైబర్‌గ్లాస్ మీద మాత్రం ప్లేటు పెట్టినా నేను నమ్మను.

కంటి బోల్టులు, అంటే రింగు ఉండే ఐ-బోల్టులు వాడితే లాగుడు బోల్టు నిడివి వెంట ఉండాలి. వెనక గోడలో నిలువుగా పైకి తిప్పిన ఐ-బోల్టుకి ముందుకి వచ్చే పట్టీ తగిలిస్తే అది మరల మొదట్లో వంగి విరుగుతుంది. దాని బదులు చదును ప్లేటు బ్రాకెట్‌ని ఎంచుకోండి.

రీల్ గురించి కొంతమందికి తెలియనిది ఒకటుంది. లోపల ఒక చిన్న గోళీ గానీ లోలకం గానీ ఉంటుంది, కారు వంగినా ఒక్కసారిగా ఆగినా అది కదిలి పన్ను వేసి రీల్‌ని పట్టేస్తుంది. పాత కారులో ఏ వాలులో ఉందో అదే వాలులో పెడితేనే అది పనిచేస్తుంది. మీరు పక్కకి పడుకోబెడితే ఎప్పుడూ లాక్ అయి ఉంటుంది, లేదా అవసరమైనప్పుడు పట్టదు. చాలామంది మొదటి లక్షణం చూసి "పాడైపోయింది" అని రీల్ పారేస్తారు. ఎంఎక్స్-5 బాడీ ఇంకా మీ దగ్గరుంటే రీల్ ఊడదీసే ముందే యాంగిల్ గేజ్‌తో ముందు వెనకల వాలు, పక్క వాలు రెండూ రాసుకోండి. బాడీ ఎప్పుడో పోయి ఉంటే, కోణం సర్దుకోగలిగే రీల్ కొత్తది కొనండి. సెక్యూరాన్ లాంటివాళ్లు ఇలాంటి కార్లకోసమే ఈ-మార్క్ ఉన్నవి అమ్ముతారు. తర్వాతి ఎంఎక్స్-5ల్లో బెల్టుని వెనక్కి గుంజే పేలుడు ప్రిటెన్షనర్ ఉంటుంది. దాని కంప్యూటర్ లేకుండా ఆ బెల్టు మీకు లాభం లేదు, ఆ చిన్న సిలిండర్‌ని మల్టీమీటర్‌తో గెలకడం ప్రమాదం కూడా.

స్క్రాప్ యార్డ్ బెల్టుల గురించీ అడిగారు. వద్దనే అంటాను, ఏ కారు ఎలా యార్డుకి చేరిందో ఎవరూ నిజం చెప్పరు. అయినా మీ ఎంఎక్స్-5 బెల్టులైనా ఇలా చూడండి: మొత్తం పట్టీ చివరిదాకా బయటికి లాగి, ఎండలో పరిచి, వేలి గోరు అడ్డంగా జార్చండి. ఎక్కడైనా అలలు అలలుగా గానీ నున్నగా మెరుస్తూ గానీ ఉంటే అది బలంగా లాగబడ్డ పట్టీ. భుజం దగ్గర లూప్‌లో ప్లాస్టిక్ కరిగి గీతలు పడి ఉంటుంది, ఆ కరిగిన మరక పట్టీ మీద కూడా అంటుకుంటుంది. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా పట్టీని రెండుగా కోసి పారేయండి, ఇంకొకరు వాడకుండా.

లేబుల్ చదవడం సులువే. రోడ్డు బెల్టు మీద వలయంలో ఈ అక్షరం, పక్కన దేశం అంకె ఉంటాయి, 1 అంటే జర్మనీ, 11 అంటే బ్రిటన్. దాని దగ్గరే ఉండే అక్షరాల్లో ఏ ఉంటే మూడు పాయింట్లు, బీ ఉంటే నడుము పట్టీ మాత్రమే, ఎస్ ఉంటే ప్రత్యేక రకం, అంటే హార్నెస్. ఆర్, దాని వెంట 4 ఉంటే అత్యవసరంలో లాక్ అయ్యే రీల్. రేసు హార్నెస్‌ల మీద ఉండేది ఎఫ్ఐఏ లేబుల్, పాత ప్రమాణం 8853/98, కొత్తది 8853-2016. దాని మీద ఏ సంవత్సరం తర్వాత చెల్లదో రాసి ఉంటుంది. అమెరికా ఎస్ఎఫ్ఐ లేబుల్‌కైతే తయారైన రోజు నుంచి రెండేళ్లే. పట్టీ దారం ఎండకి బలం కోల్పోతుంది, కంటికి కొత్తగా కనిపిస్తూనే. గడువు తీరిన రేసు హార్నెస్ చవగ్గా దొరుకుతుంది, ఎందుకు చవకో ఇప్పుడు మీకు తెలుసు. తిప్పితే విడిపోయే గుండ్రటి తాళం ఉన్న రేసు హార్నెస్‌కి ఎఫ్ఐఏ లేబుల్ ఒక్కటే ఉంటే, ఈ-మార్క్ లేకపోతే, ఐవీఏకి దాని మీద ఆశ పెట్టుకోకండి.

ట్రాక్ డేల కోసం తర్వాత ఆరు పాయింట్లది పెట్టాలనుకుంటే, ఇప్పుడే చాసీ పచ్చిగా, పెయింట్ లేకుండా ఉన్నప్పుడే దాని బాస్‌లు కూడా వెల్డ్ చేసి పెట్టుకోండి. తొడల మధ్య పట్టీలవి రెండు, రోల్ బార్ మీద అడ్డ ట్యూబు ఒకటి. ఆ అడ్డ ట్యూబుకి ఎఫ్ఐఏ కనీస కొలత 38 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 40కి 2. అతుకు లేని ఉక్కు ట్యూబు అయి ఉండాలి. ట్యూబుకి పట్టీ చుట్టినప్పుడు మూడు గడుల బకిల్ గుండా పోనిచ్చి, చివరని మళ్లీ వెనక్కి తిప్పి మొదటి గడిలోంచి తీయాలి. కొస కనీసం 10 సెంటీమీటర్లు మిగలాలి. ఒకసారే దూర్చి వదిలేసిన పట్టీ చేత్తో లాగితే గట్టిగానే ఉంటుంది, టన్ను బలానికి మాత్రం మెల్లగా పాకి ఊడిపోతుంది. ఆ బకిల్ ట్యూబుకి వీలైనంత దగ్గరగా ఉండాలి. భుజం వెనక పట్టీ ఎంత పొట్టిగా ఉంటే అంత తక్కువ సాగుతుంది. ఇంకా, ఛాతీని అంత గట్టిగా పట్టి ఉంచితే తల మాత్రమే ముందుకి విసిరినట్టు పోతుంది, మెడ మొదట్లో పుర్రె ఎముక విరిగే ప్రమాదం అక్కడే. రాబర్ట్ హబ్బర్డ్, జిమ్ డౌనింగ్ హాన్స్ పరికరం, అంటే హెల్మెట్‌ని పట్టి ఉంచి తలని ముందుకి పోనివ్వని పరికరం చేసింది దానికే. హెల్మెట్, హాన్స్ రెండూ లేకుండా ఆరు పాయింట్లలో వేగంగా వెళ్లకండి. హాన్స్ మీద పట్టీలు రెండూ మెడకి దగ్గరగా వస్తాయి కాబట్టి వెనక బిగింపుల మధ్య దూరం కూడా దాని కాగితం ప్రకారం మారుతుంది.

మన ఆంధ్రా, తెలంగాణ ఇంజనీరింగ్ కాలేజీల నుంచి విద్యార్థుల కార్ల పోటీలైన ఫార్ములా భారత్‌కి, బాజా ఎస్ఏఈ ఇండియాకి కారు కట్టే పిల్లలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్లకో మాట. ఫార్ములా ఎస్ఏఈ పద్ధతి నిబంధనల్లో భుజం పట్టీ భుజం దగ్గర 10 డిగ్రీలు పైకి, 20 డిగ్రీలు కిందకి మధ్య ఉండాలి. నిటారుగా కూర్చునే డ్రైవర్‌కి నడుము పట్టీ 45 నుంచి 65 డిగ్రీలు. వెనక్కి వాలి కూర్చునేవాళ్లకి 60 నుంచి 80. ఆ ఏటి రూల్‌బుక్ దించుకుని సరిచూసుకోండి. కంప్యూటర్ మోడల్‌లో బొమ్మ మనిషిని కూర్చోబెట్టి ఈ కోణాలు తేల్చి, తర్వాత అసలు డ్రైవర్‌ని కూర్చోబెట్టి మళ్లీ కొలవని జట్లు చాలా ఉన్నాయి. జట్టులో అందరికన్నా పొడుగువాణ్ణీ, అందరికన్నా పొట్టివాణ్ణీ ఇద్దర్నీ కూర్చోబెట్టండి. డ్రైవర్ 5 సెకన్లలో బయటికి రావాలన్న నిబంధనని ఏదో పరీక్షలా కాకుండా, బెల్టు బకిల్ చేతికి ఎక్కడ తగులుతుందో తెలుసుకునే అభ్యాసంగా చేయండి, గ్లోవ్స్ వేసుకుని, కళ్లు మూసుకుని. కారుని కాలేజీ షెడ్డు బయట ఎండలో పెడితే పట్టీల మీద గుడ్డ కప్పండి, మే నెల విజయవాడ ఎండకి ఇంగ్లాండులో రాసిన గడువు అంకెలు లెక్కే కాదు.

మీ దగ్గరికి వస్తే, ఆ నాలుగు పట్టీల హార్నెస్ ఇంకా ఆర్డర్ పెట్టలేదన్నారు కదా, ఆ డబ్బు రోల్ బార్ వెనక ఊతలకి పెట్టండి. సెకండ్ హ్యాండ్ రోల్ బార్ కొంటే దాని ట్యూబు మందం ఎంతో అమ్మేవాణ్ణి అడగండి, చెప్పలేకపోతే వదిలేయండి. బాడీ ప్యానెల్స్ వేయకముందే బెల్టులు పూర్తిగా బిగించి, ఇద్దరూ కూర్చుని, పట్టీ ఎక్కడా పదును అంచుకి తగలడం లేదని చేత్తో తడిమి చూసుకోండి. ప్రతి బాస్ వెల్డ్‌కీ పెయింట్ వేయకముందు ఫోటో తీసి పెట్టుకోండి, ఐవీఏ అధికారి అడిగినా, రేపు కారు అమ్మినా పనికొస్తుంది. పిల్లల్ని ఎప్పుడైనా పక్క సీట్లో కూర్చోబెట్టాలనుకుంటే చెప్పండి, పిల్లల సీటు మూడు పాయింట్ల బెల్టుతోనే సరిగ్గా కూర్చుంటుంది, హార్నెస్‌తో కుదరదు. అదీ మీ నిర్ణయాన్ని అటు మొగ్గించే విషయమే.

ఈ వారాంతం ఇద్దరి భుజాల ఎత్తులు, రోల్ బార్ దాకా ఉన్న దూరం, సీటు వీపు రంధ్రాల ఎత్తు కొలిచి ఇక్కడ రాయండి. అడ్డ ట్యూబు ఎక్కడ పడాలో ఆ అంకెలతో లెక్కేసి చెప్తాను. అప్పటిదాకా రోల్ బార్ బ్రాకెట్లకి టాక్ మాత్రమే, అంటే అక్కడక్కడా చిన్న చుక్క వెల్డ్ వేసి ఉంచండి, పూర్తి వెల్డ్ వేయకండి.